ఆర్‌సింక్‌ను కమాండ్ లైన్ నుంచి ఇన్‌స్టాల్ చేయడం, ఆనవాలు మిగలకుండా తీసివేయడం

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఉన్న ఫోటో స్టూడియోలలో పెండ్లిళ్ల ముహూర్తాలు మొదలైతే కెమెరాకన్నా కంప్యూటరే ఎక్కువ కష్టపడుతుంది. రెండు కెమెరాలు, ఒక డ్రోన్ పెట్టి తీసిన ఒక్క పెండ్లి నూరు జీబీ దాటడం ఇప్పుడు మామూలు విషయం. ఆ ఫైళ్లను ఎడిటింగ్ చేసే కంప్యూటర్ నుంచి బయటి హార్డ్ డిస్కులోకి మౌసుతో లాగి వేస్తాం, అరవయ్యో జీబీ దగ్గర కరెంటు పోతుంది, తిరిగి వచ్చాక ఏ ఫోటో చేరిందో ఏది చేరలేదో తెలియక మొత్తం మళ్లీ మొదటి నుంచి కాపీ చేస్తాం. ఇటువంటి నాలుగైదు దుకాణాల కంప్యూటర్లు చూసే వాడిగా, ఈ ఇబ్బందికి నేను వాడే పనిముట్టు ఆర్‌సింక్. దానిని టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) నుంచి ఎలా పెట్టుకోవాలో, అవసరం తీరాక ఎలా తీసివేయాలో ఇక్కడ వివరిస్తాను. పెట్టుకోవడానికి రెండు వరుసలు చాలు, తీసివేయడమే కొంచెం ఆలోచించి చేయవలసిన పని, కాబట్టి ఈ వ్యాసంలో దానికి చాలా చోటు ఇచ్చాను.

ఆర్‌సింక్‌ను ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అనే ఇద్దరు రాశారు, 1996 జూన్‌లో అది మొదటిసారి విడుదలైంది. రెండు చోట్ల ఉన్న ఫైళ్లను పోల్చి, తేడా ఉన్న వాటిని మాత్రమే పంపడం దాని పద్ధతి. మామూలుగా అది ఫైలు సైజునూ చివరిసారి మారిన సమయాన్నీ చూస్తుంది, రెండూ సరిపోతే ఆ ఫైలును ముట్టుకోదు. ఫైలు మారిందని తేలితే, నెట్‌వర్క్ మీదుగా పంపేటప్పుడు దానిని ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు లెక్క కట్టి, అవతలి వైపు ఇప్పటికే ఉన్న ముక్కలను వదిలి మిగిలినవే పంపుతుంది. ఒకే కంప్యూటర్‌లో ఒక డిస్కు నుంచి ఇంకొక డిస్కుకు కాపీ చేసేటప్పుడు మాత్రం ఈ ముక్కల లెక్క జోలికి పోదు, మారిన ఫైలును పూర్తిగానే రాస్తుంది, ఎందుకంటే అక్కడ లెక్క కట్టే సమయంకన్నా నేరుగా రాయడమే తొందరగా అవుతుంది. స్టూడియో పనిలో ఫోటోలు ఒకసారి తీశాక మారవు కనుక మనకు దక్కే అసలు లాభం, చేరిన వాటిని వదిలిపెట్టి ఆగిన చోటు నుంచి అందుకోవడమే.

కమాండ్లు చదివే పద్ధతి

ఈ వ్యాసంలో కమాండ్లను వినిపించే తీరులో తెలుగు లిపిలోనే రాశాను, మీరు కీబోర్డు మీద వాటిని ఆంగ్ల చిన్న అక్షరాలలో కొట్టాలి. సుడో (కమాండ్‌ను అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడిపేది) అంటే ఎస్, యు, డి, ఓ. ఆప్ట్ (ప్యాకేజీలను, అంటే మూటగా వచ్చే ప్రోగ్రాములను, పెట్టే, తీసే పనిముట్టు) అంటే ఎ, పి, టి. ఆర్‌సింక్ అంటే ఆర్, ఎస్, వై, ఎన్, సి, అంటే మధ్యలో ఉన్నది ఐ కాదు, వై. డీపీకేజీ (ఆప్ట్ వెనుక ప్యాకేజీల లెక్క చూసేది) అంటే డి, పి, కె, జి. పర్జ్ అంటే పి, యు, ఆర్, జి, ఇ. అడ్డగీత ఒకటి ఉన్న చోట ఒకటే, రెండు ఉన్న చోట రెండూ కొట్టాలి, వాటికీ వాటి తరువాతి అక్షరానికీ మధ్య ఖాళీ ఉండకూడదు. పెద్ద అక్షరం అవసరమైన చోట ఆ మాట విడిగా చెప్తాను. ఫోల్డర్ల పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచుకున్నా ఆర్‌సింక్‌కు అభ్యంతరం ఉండదు, నేను పెండ్లి ఫోల్డర్లకు ఇంటిపేరు తెలుగులోనే పెడుతున్నాను. పేరు మధ్యలో ఖాళీ ఉంటే ఆ పేరు మొత్తాన్నీ కోట్ గుర్తుల మధ్య పెట్టాలి.

ముందే ఉందేమో చూడడం

ఉబుంటు, లినక్స్ మింట్ వంటి లినక్స్ సిస్టమ్‌లు పెట్టిన చాలా కంప్యూటర్లలో ఆర్‌సింక్ ముందు నుంచే ఉంటుంది. టెర్మినల్ తెరిచి ఇలా అడగాలి:

కమాండ్ -వి ఆర్‌సింక్
ఆర్‌సింక్ --వెర్షన్

మొదటి దానికి జవాబుగా ఒక దారి (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే వరుస) కనిపిస్తే ఆ ప్రోగ్రామ్ ఉన్నట్టు, ఏమీ కనిపించకపోతే లేనట్టు. ఆ దారి ఏమిటో ఒక కాగితం మీద రాసుకోవాలి. యూఎస్ఆర్ కింద బిన్‌లో ఉంటే అది ప్యాకేజీగా వచ్చినది, యూఎస్ఆర్ కింద లోకల్ కింద బిన్‌లో ఉంటే మీకన్నా ముందు ఆ కంప్యూటర్ చూసిన వారెవరో సోర్స్ కోడ్ నుంచి తయారు చేసి పెట్టినది. ఈ ఒక్క తేడా తెలియకపోతే రేపు తీసివేసేటప్పుడు తికమక తప్పదు. వచ్చిన దారి ఏదో, పంపవలసిన దారి కూడా అదే.

వెర్షన్ అంకె చూసి కంగారు పడనక్కర లేదు. 2025 జనవరిలో ఆర్‌సింక్‌లో ఆరు భద్రతా లోపాలు బయటపడ్డాయి, వాటిని సరిచేస్తూ 3.4.0 విడుదలైంది. అయితే ఉబుంటు, డెబియన్ వంటివి ఆ దిద్దుబాటును తమ పాత వెర్షన్లకే అతికించి ఇస్తాయి, కాబట్టి మీకు 3.2.7 అని కనిపించినంత మాత్రాన అది లోపమున్నదే అనుకోరాదు. అప్‌డేట్లు క్రమంగా వేస్తున్నారా లేదా అన్నదే చూసుకోవలసిన విషయం.

ఇన్‌స్టాల్ చేయడం

ఉబుంటు, మింట్, డెబియన్ మూడింటికీ ఇవే రెండు వరుసలు:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్‌సింక్

మొదటి వరుస ప్యాకేజీల జాబితాను తాజా చేస్తుంది, రెండవది ప్రోగ్రామ్‌ను తెస్తుంది. సుడో పాస్‌వర్డ్ అడిగినప్పుడు మీరు కొట్టే అక్షరాలు తెర మీద చుక్కలుగా కూడా కనిపించకపోవచ్చు, కీబోర్డు చెడిపోయిందని అనుకోకుండా కొట్టి ఎంటర్ నొక్కాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసే వారు గమనించవలసినది ఏమిటంటే, ఆర్‌సింక్ ప్యాకేజీ ఒక ఎంబీ కన్నా చిన్నది, కానీ చాలా రోజులుగా తెరవని కంప్యూటర్‌లో జాబితా తాజా చేయడానికే దానికన్నా ఎన్నో రెట్లు డేటా పోతుంది.

కంప్యూటర్ తెరిచిన వెంటనే ఈ కమాండ్ ఇస్తే, డీపీకేజీ తాళం దొరకలేదని ఒక సందేశం రావచ్చు. తెర వెనుక అప్‌డేట్లు వేసుకునే ఇంకొక ప్రోగ్రామ్ అప్పటికే ఆ పనిలో ఉందని దాని అర్థం. అయిదు పది నిమిషాలు ఆగి మళ్లీ ఇస్తే సరిపోతుంది. ఆ తాళం ఫైలును చెరిపివేయమని సలహా ఇచ్చే వారు ఉంటారు, దానిని వినవద్దు, సగంలో ఉన్న పని మీద ఇంకొక పని పడి ప్యాకేజీల లెక్క మొత్తం చెడిపోతుంది.

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయిందనుకోండి, మన దగ్గర అది దూరపు ఊహ కాదు. కంప్యూటర్ తిరిగి తెరిచాక ముందుగా ఈ రెండు వరుసలు ఇవ్వాలి, మొదటిది సగంలో ఆగిన ప్యాకేజీలను సర్దుతుంది, రెండవది తెగిన ఆధారాలను పూరిస్తుంది:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

ఫెడోరా వాడే వారు ఆప్ట్ బదులు డీఎన్ఎఫ్ అని కొడితే చాలు, ఇన్‌స్టాల్ అన్న మాట మారదు, తీసివేయడానికి రిమూవ్ అన్న మాటా మారదు.

విండోస్ కంప్యూటర్లే ఎక్కువగా ఉన్న స్టూడియోలలో కొంచెం చుట్టు తిరగాలి. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డబ్ల్యూఎస్ఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి --ఇన్‌స్టాల్ అని ఇస్తే విండోస్ లోపల ఒక ఉబుంటు ఏర్పడుతుంది. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి తెరిచాక ఉబుంటు మిమ్మల్ని కొత్త యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ తరువాత పైన చెప్పిన రెండు వరుసలే. సి డ్రైవ్ అందులో ఎంఎన్‌టి కింద సి అన్న ఫోల్డర్‌గా కనిపిస్తుంది. చిన్న పెన్‌డ్రైవ్ పనికి ఇంత ఏర్పాటు అనవసరం, నెలకు పది పెండ్లిళ్లు చూసే వారికి మాత్రం దండగ కాదు.

మొదటి పరీక్ష

అసలు ఫోటోల జోలికి పోకుండా, పది ఫోటోలతో పరీక్ష అన్న ఫోల్డర్ ఒకటి తయారు చేసుకుని దాని మీదనే చేయి తిప్పుకోవడం మంచిది. ఉబుంటులో బయటి డిస్కు సాధారణంగా మీడియా కింద మీ యూజర్ పేరు కింద కనిపిస్తుంది. ఆ డిస్కులో కాపీ అన్న ఫోల్డర్ ఉందనుకుంటే కమాండ్ ఇలా ఉంటుంది:

ఆర్‌సింక్ -ఆర్‌టీవీఎన్ పరీక్ష/ /మీడియా/యూజర్‌పేరు/డిస్కుపేరు/కాపీ/

ఇక్కడ ఆర్ అంటే లోపలి ఫోల్డర్లన్నింటితో సహా, టి అంటే ఫైళ్ల సమయాన్ని అలాగే ఉంచమని, వి అంటే ఏం చేస్తున్నదీ చెప్పమని. చివరి ఎన్ చాలా ముఖ్యమైనది, దాని వల్ల ఆర్‌సింక్ ఏమీ కాపీ చేయకుండా, ఏమి చేయబోతుందో మాత్రమే చెప్తుంది. జాబితా చూసి తృప్తి కలిగాక ఎన్ తీసివేసి అదే వరుసను మళ్లీ ఇవ్వాలి. పెద్ద వీడియోలు ఉంటే పెద్ద అక్షరం పి చేర్చాలి, అప్పుడు ఎంత శాతం అయిందో కనిపిస్తుంది, మధ్యలో ఆగితే సగం వచ్చిన ఫైలును చెరపకుండా ఉంచుతుంది. ఎక్కడ చూసినా -ఎ అన్న గుర్తు (ఫైలు యజమాని వివరాలతో సహా అన్నీ అలాగే ఉంచమనేది) వాడమని చెప్తారు, అది లినక్స్ డిస్కుల మధ్య బాగానే ఉంటుంది, కానీ స్టూడియోల బయటి డిస్కులు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అన్న ఫార్మాట్‌లో ఉంటాయి, ఆ పద్ధతిలో యజమాని వివరాలు దాచే చోటు ఉండదు కనుక అనవసరపు ఎర్రర్లు వస్తాయి.

వాలుగీత విషయంలో తడబడని వారిని నేను ఇంతవరకు చూడలేదు. పరీక్ష అన్న పేరు చివర వాలుగీత ఉంటే ఆ ఫోల్డర్ లోపలి ఫోటోలు కాపీలోకి వెళ్తాయి, వాలుగీత లేకపోతే పరీక్ష అన్న ఫోల్డర్ తానే వెళ్లి కాపీ లోపల కూర్చుంటుంది. ఒకరోజు గీతతో, మరుసటి రోజు గీత లేకుండా ఇస్తే ఒకే పెండ్లి డిస్కులో రెండు చోట్ల నిండుతుంది.

--డిలీట్ అన్న గుర్తు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. మూలంలో లేని ఫైళ్లను గమ్యంలో కూడా చెరిపివేయడం దాని పని. ఒక దుకాణంలో రాత్రి పది దాటాక, ఇంటికి వెళ్లే తొందరలో, మూలాన్నీ గమ్యాన్నీ తారుమారు చేసి ఈ గుర్తుతో కమాండ్ ఇచ్చాను. ఖాళీగా ఉన్న కొత్త డిస్కును ఆర్‌సింక్ ఆదర్శంగా తీసుకుని, నిశ్చితార్థం ఫోటోల ఫోల్డర్‌ను దాని మాదిరిగానే ఖాళీ చేసింది. కెమెరా కార్డులను ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి పరువు దక్కింది. అప్పటి నుంచి ముందుగా ఎన్ పెట్టి చూడకుండా --డిలీట్ వాడలేదు.

రెండు కంప్యూటర్ల మధ్య అయితే

నెట్‌వర్క్ మీదుగా పంపాలంటే ఆర్‌సింక్ రెండు వైపులా ఉండాలి, ఇది చాలామంది మరచిపోయే విషయం. అవతలి వైపు లేకపోతే 127 అన్న కోడ్‌తో కమాండ్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది, అది చూసి మన కంప్యూటర్‌లోనే మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటాం. అవతలి కంప్యూటర్‌లో, బయటి నుంచి లాగిన్ కానిచ్చే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్ అన్న ప్యాకేజీ కూడా కావాలి, దానినీ ఆప్ట్‌తోనే పెట్టాలి. ఒకే రౌటర్ కింద ఉన్న కంప్యూటర్ల మధ్య ఇది వెంటనే పని చేస్తుంది. నల్లగొండ నుంచి మిర్యాలగూడ బ్రాంచికి పంపాలంటే అక్కడి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌కు బయటి నుంచి చేరుకోగల సొంత చిరునామా ఉండాలి. అది లేకపోతే డిస్కును బస్సులో పంపడమే సులువు, నూరు జీబీకి ఆ వేగం కూడా తక్కువేమీ కాదు.

తీసివేయడానికి ముందు

కంప్యూటర్ అమ్మేటప్పుడో, వేరే పనిముట్టుకు మారేటప్పుడో ఆర్‌సింక్ తీసివేయాలనిపిస్తుంది. అయితే అది తనంతట తానుగా కాక వేరే వాటి చేతి కింద కూడా పని చేస్తుండవచ్చు. మొదట, క్రాన్ అన్న ప్రోగ్రామ్ వేళ ప్రకారం నడిపే పనులను చూడాలి, క్రాన్‌ట్యాబ్ అంటే సి, ఆర్, ఓ, ఎన్, టి, ఎ, బి:

క్రాన్‌ట్యాబ్ -ఎల్
సుడో క్రాన్‌ట్యాబ్ -ఎల్

ఈ రెండింటిలో ఎక్కడైనా ఆర్‌సింక్ పేరు ఉంటే, ప్రతి రాత్రీ బ్యాకప్ తీసే వరుస అదే అయి ఉంటుంది. దానికి ఇంకొక ఏర్పాటు చేయకుండా ఆర్‌సింక్ తీసివేస్తే బ్యాకప్ ఆగిపోతుంది, ఆగిపోయిందని ఎవరికీ తెలియదు, ఎందుకంటే క్రాన్ తన ఫిర్యాదును ఎవరూ తెరవని ఒక మెయిల్ డబ్బాలో వేసో, మెయిల్ ఏర్పాటు లేకపోతే పారవేసో ఊరుకుంటుంది.

తరువాత చూడవలసినది ఈటీసీ ఫోల్డర్‌లో ఆర్‌సింక్‌డీ.కాన్ఫ్ అన్న ఫైలు ఉందా అన్నది. ఉంటే ఆ కంప్యూటర్ 873 పోర్టు మీద ఇతరులకు ఫైళ్లు అందించే సర్వర్‌గా నడుస్తూ ఉండవచ్చు. ఉబుంటులో ఆర్‌సింక్ సర్వీసు ఈ ఫైలు ఉంటేనే మొదలవుతుంది, లేకపోతే ఊరికే పడి ఉంటుంది.

ఇక ఉత్తుత్తి తొలగింపు చేసి చూడాలి. ఎస్ అన్న గుర్తు పెడితే ఆప్ట్ ఏమీ తీయకుండా ఏం తీయబోతుందో చెప్తుంది:

ఆప్ట్ -ఎస్ రిమూవ్ ఆర్‌సింక్

జవాబులో తీసివేయబడే ప్యాకేజీల పేర్లు వరుసగా వస్తాయి. అందులో ఆర్‌సింక్ ఒక్కటే ఉంటే నిశ్చింతగా ముందుకు పోవచ్చు. లినక్స్ మింట్‌లో మాత్రం దాని పక్కనే టైమ్‌షిఫ్ట్ పేరు కూడా కనిపిస్తుంది. కంప్యూటర్ చెడితే పాత స్థితికి తీసుకుపోయే ఆ ప్రోగ్రామ్ ఆర్‌సింక్ మీదనే ఆధారపడి నడుస్తుంది కాబట్టి, ఒకదానిని తీస్తే రెండవదీ పోతుంది. అటువంటి కంప్యూటర్‌లో ఆర్‌సింక్‌ను అలాగే ఉంచమనే నా సలహా, అది ఆక్రమించే చోటు ఒక ఫోటోకన్నా తక్కువ.

తీసివేయడం

రెండు పద్ధతులు ఉన్నాయి:

సుడో ఆప్ట్ రిమూవ్ ఆర్‌సింక్
సుడో ఆప్ట్ పర్జ్ ఆర్‌సింక్

రిమూవ్ ప్రోగ్రామ్‌ను తీసి, దాని సెట్టింగుల ఫైళ్లను ఉంచుతుంది, పర్జ్ ఆ ప్యాకేజీతో వచ్చిన సెట్టింగులను కూడా తీస్తుంది. మళ్లీ పెట్టుకునే ఆలోచన ఉంటే మొదటిది, కంప్యూటర్ చేతులు మారుతుంటే రెండవది. రెండింటిలోనూ వై నొక్కే ముందు జాబితా మరొకసారి చదవాలి, కమాండ్‌లోనే -వై చేర్చి ప్రశ్న రాకుండా చేసుకునే అలవాటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. రిమూవ్ మాత్రమే చేసిన తరువాత డీపీకేజీ -ఎల్ ఆర్‌సింక్ అని అడిగితే వరుస మొదట్లో ఆర్, సి అన్న రెండు అక్షరాలు కనిపించవచ్చు, ప్రోగ్రామ్ పోయింది, సెట్టింగులు మిగిలాయి అని ఆ అక్షరాల భావం. అప్పుడు కూడా పర్జ్ ఇవ్వవచ్చు.

పర్జ్ అన్నంత మాత్రాన అన్నీ పోతాయనుకోవడం పొరపాటు. ప్యాకేజీ తనతో తెచ్చిన వాటినే అది తీస్తుంది, మీరు చేత్తో రాసినవి దానికి తెలియవు. పైన చెప్పిన ఆర్‌సింక్‌డీ.కాన్ఫ్ అటువంటిదే, దానిలో పేర్కొన్న పాస్‌వర్డుల ఫైలు కూడా అటువంటిదే. వాటిని మీరే వెతికి తీయాలి. పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ కావడానికి ఎస్ఎస్‌హెచ్ తాళంచెవులు చేసి ఉంటే, అవతలి కంప్యూటర్‌లో హోమ్ ఫోల్డర్ కింద, చుక్కతో మొదలయ్యే ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఆథరైజ్డ్ అండర్‌స్కోర్ కీస్ అన్న ఫైలు తెరిచి, ఈ కంప్యూటర్‌కు చెందిన వరుసను చెరపాలి. పాత కంప్యూటర్ అమ్మే స్టూడియోలలో ఈ పని మరచిపోవడమే ఎక్కువ, అది కొన్న వారికి మీ దుకాణం తలుపు తెరిచే తాళంచెవి కూడా చేరినట్టే.

ఆర్‌సింక్ కోసం వచ్చి ఇప్పుడు ఎవరికీ అక్కరలేని చిన్న లైబ్రరీలు మిగిలితే సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ వాటిని తీస్తుంది. ఆ జాబితాలో మీకు సంబంధం లేని పేర్లు కూడా రావచ్చు, ఎప్పుడో పెట్టిన వేరే ప్రోగ్రాముల మిగులు అది, అర్థం కాని పేరు ఉంటే ఎన్ నొక్కి బయటికి రావడంలో నష్టం లేదు.

తీసినా ఇంకా కనిపిస్తుంటే

తీసివేసిన వెంటనే అదే టెర్మినల్‌లో ఆర్‌సింక్ అని కొడితే, యూఎస్ఆర్ కింద బిన్‌లో ఆ ఫైలు లేదన్న సందేశం రావచ్చు. షెల్ (టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) పాత దారిని గుర్తు పెట్టుకోవడం వల్ల అలా జరుగుతుంది, హ్యాష్ -ఆర్ అని ఇచ్చినా, టెర్మినల్ మూసి తెరిచినా ఆ జ్ఞాపకం పోతుంది.

అలా కాక, ఆర్‌సింక్ వెర్షన్ ఇంకా నిక్షేపంగా చెప్తున్నదనుకోండి. టైప్ -ఎ ఆర్‌సింక్ అని అడిగితే కంప్యూటర్‌లో ఉన్న ప్రతులన్నింటి దారులూ వరుసగా వస్తాయి. మొదట్లో కాగితం మీద రాసుకోమన్న దారి ఇక్కడ పనికి వస్తుంది. యూఎస్ఆర్ కింద లోకల్ కింద బిన్‌లో ఒక ప్రతి ఉందంటే అది ఆప్ట్ లెక్కలో లేనిది, ఎన్నిసార్లు పర్జ్ ఇచ్చినా కదలదు. షెల్ సాధారణంగా ఆ ఫోల్డర్‌నే ముందుగా వెతుకుతుంది కనుక, ఇన్నాళ్లూ మీరు వాడినది కూడా ఆ ప్రతినే అయి ఉంటుంది. దానిని సుడో ఆర్‌ఎం తో, పూర్తి దారి రాసి, చేత్తోనే తీయాలి:

సుడో ఆర్‌ఎం /యూఎస్ఆర్/లోకల్/బిన్/ఆర్‌సింక్

పక్కనే ఆర్‌సింక్-ఎస్ఎస్ఎల్ అన్న చిన్న ఫైలు ఉంటే అదీ దానితో వచ్చినదే. లోకల్ కింద షేర్ కింద మ్యాన్ ఫోల్డర్‌లో దాని సహాయ పేజీలు ఉంటాయి, అవి ఉన్నా హాని లేదు. ఈ కమాండ్‌లో నక్షత్రం గుర్తు వాడి పని తొందరగా ముగించాలన్న ఆలోచన రానివ్వవద్దు.

విండోస్‌లో ఉబుంటు పెట్టుకున్న వారు దాని లోపల ఆప్ట్‌తోనే ఆర్‌సింక్ తీయవచ్చు. మొత్తం ఉబుంటునే తీసివేయాలంటే పవర్‌షెల్‌లో డబ్ల్యూఎస్ఎల్ --అన్‌రిజిస్టర్ ఉబుంటు అని ఇవ్వాలి, జాబితాలో దాని పేరు ఎలా ఉంటే అలాగే రాయాలి. అది ఏమీ అడగకుండా ఆ ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నింటినీ చెరిపివేస్తుంది, సి డ్రైవ్‌లో ఉన్నవాటిని ముట్టుకోదు.

చివరగా, ఆర్‌సింక్ కోసమే పెట్టిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్‌ను కూడా పర్జ్ చేయవచ్చు, కానీ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నప్పుడు మాత్రమే. మిర్యాలగూడ బ్రాంచి కంప్యూటర్‌లోకి నల్లగొండ నుంచి లాగిన్ అయి ఆ ప్యాకేజీని తీస్తే, తెరిచి ఉన్న ఆ ఒక్క టెర్మినల్ మూసేదాకా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మూశాక మళ్లీ లోపలికి పోయే దారి లేదు, ఎవరో ఒకరు మిర్యాలగూడ బస్సు ఎక్కవలసిందే.